లైన్ల కాంటా

అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో మాత్రం అది పెద్దల ఆస్తి. కురవి పక్కన మా నాయిన మిర్చి వేసేవాడు. బస్తాలు అమ్మడానికి ఏ వ్యాపారి దగ్గరికి పోయినా ముందు చెప్పులు విడిచి తానే కాంటా ఎక్కి నిలబడేవాడు. తన బరువు తనకు తెలుసు. కాంటా ఆ మాటే చెబితే బస్తా ఎక్కించేవాడు, లేకపోతే బండి తిప్పేవాడు. "నిన్ను గూడ అమ్ముకుంటవా ఏంది?" అని వ్యాపారులు ఆటపట్టించేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు. ఆ పోలికే నాకూ వచ్చింది. ఎవరైనా నన్ను మెచ్చుకున్నా దీని వెనక ఏముందా అని వెతుకుతాను. నా భార్య దీన్ని రోగం అంటుంది.

నేను జనగామలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తాను. ఆఫీసు అంటే పత్తి దుకాణం మీద రెండు గదులు. కింద పత్తి, పైన మేము, రెండూ ఒకే సేటువి. మిర్చి వ్యాపారుల దగ్గర బస్తా కాంటా మీదికి ఎక్కగానే బరువు కంప్యూటర్‌లోకి వచ్చి, తీయాల్సింది తీసి, రైతుకు చీటీ వచ్చేట్టు ప్రోగ్రాం రాయడం మా పని. రాసేది ముగ్గురం. నేను, నాకన్నా కొంచెం పెద్దదైన ఒక అక్క, ఎప్పుడూ మెడలో హెడ్‌ఫోన్ వేసుకుని తిరిగే ఒక తమ్ముడు. తమ్ముడంటే వరసకే, వాడికీ పెళ్ళయి ఇద్దరు పిల్లలు.

దసరా తర్వాత ఒక సోమవారం సేటు మెట్లెక్కి పైకి వచ్చాడు. మాకు ఏఐ కొనిపెట్టానని చెప్పాడు. మనం మాటల్లో చెబితే అదే ప్రోగ్రాం రాస్తుందట. సేటు దాన్ని మొదటి నుంచీ "మిషిని" అనే అన్నాడు. మిషిని వచ్చాక పని పెరగాలి గదా, పెరిగిందో లేదో తెలియాలి గదా అని గోడకు ఒక తెల్ల బోర్డు కొట్టించాడు. ప్రతి శనివారం ఎవరు ఎన్ని లైన్లు రాశారో అక్కడ ఎక్కుతుంది. లైను అంటే ప్రోగ్రాంలో ఒక వరుస, అంతే. పత్తిని క్వింటాళ్ళలో చూసినట్టు మా పనిని లైన్లలో చూస్తానన్నాడు.

"ఉగాది దాక చూస్త. మిషిని ఉన్నంక ముగ్గురి పని ఇద్దరు చెయ్యరా? ఎవలియి తక్కువుంటే ఆళ్ళను ఇగ పొమ్మంట. మల్ల నన్ను అనొద్దు," అన్నాడు.

ఆ మాట నవ్వుతూనే అన్నాడు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

మొదటి శనివారమే తమ్ముడి లెక్క ఆకాశానికి పోయింది. అంతకు ముందు నెల మొత్తం రాసిన దానికన్నా వాడు ఆ ఒక్క వారంలోనే ఎక్కువ రాశాడు. నాది మధ్యలో ఉంది. అక్కది అట్టడుగున. వాడి ప్రోగ్రాం తెరిచి చూశాను. అరపేజీలో అయ్యే పనికి మిషిని ఆరు పేజీలు పోసింది. ఒకే లెక్క ఇక్కడోసారి, అక్కడోసారి, పేరు మార్చి ఇంకోసారి. ప్రతిదాని నెత్తిన ఇంగ్లీషులో నాలుగు వరుసల వివరణ. మూరెడు పనికి బారెడు మాటలు. అది తప్పని చెప్పలేను, నడుస్తూనే ఉంది. కానీ ఏ మూటనైనా విప్పకుండా కొనే వంశం కాదు మాది.

అక్క కూడా మిషినినే వాడేది. కాకపోతే తీరు వేరు. అది పది వరుసలు ఇస్తే "గింతెందుకు? చిన్నగ రాయి," అని మళ్ళీ అడిగేది. రెండు వరుసలకు వచ్చేదాకా వదిలేది కాదు. పొద్దంతా అట్లా గీకి గీకి, సాయంత్రానికి చేతిలో గుప్పెడు మిగిల్చేది. శనివారం బోర్డు మీద ఆ గుప్పెడే కనబడేది.

ఆమెది నర్సింహులపేట దగ్గర తండా. ఇల్లు ఇప్పుడు మానుకోటలో, రోజూ రైల్లో జనగామకు వచ్చి పోయేది. చిన్నప్పుడు తల్లిదండ్రులు పనుల కోసం ఊళ్ళు పట్టి పోతే ఆమె హాస్టల్లో పెరిగింది. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసేవాళ్ళు లేరని ఒకసారి టీ తాగుతూ చెప్పింది. ఇప్పుడు ఆమె కూతురు నాలుగో తరగతి. "ఈ సీటు పోతే మల్ల నాకు హైదరాబాదే దిక్కు తమ్మి. మా ఆయన లారీ మీదుంటడు. పిల్లను హాస్టల్ల ఎయ్యాలె. గదొక్కటి నేను చెయ్య," అంది. చెయ్యనన్న మాట గట్టిగానే అంది, కానీ చూపు బోర్డు మీదే ఉంది.

ఇంత తెలిసీ నేను ఆమెనూ అనుమానించాను. నవంబరులో ఆమె రోజూ బయటికి పోయి ఫోన్‌లో చాలాసేపు మాట్లాడేది, వాళ్ళ లంబాడీ భాషలో. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇంకో కొలువు చూసుకుంటోంది, మమ్మల్ని ముంచి పోతుంది అనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"మా మేనమామతోని మాట్లాడుతున్న," అంది. "తండల మిర్చి ఏస్తడు. తరుగు ఎట్ల తీస్తరు, ఎందుకు తీస్తరు అని అడుగుతున్న. సేటు చెప్పింది నాకు సక్కగ అర్థం కాలే."

తరుగు అంటే బస్తా మీద తీసే కోత. గోనె సంచి బరువుకింత, దుమ్ముకింత అని ముందే మాట్లాడుకుని తీస్తారు. మా సేటు ఆ నియమాన్ని మాకు ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాల తెలుగులో పంపాడు, ప్రతి బస్తాకూ తరుగు తీయాలని. ఘన్‌పూర్ వ్యాపారికి ఇవ్వాల్సిన ప్రోగ్రాం తమ్ముడి వంతు. వాడు ఆ మాటను ఉన్నదున్నట్టు మిషినికి అప్పజెప్పాడు. అక్క మాత్రం తన పని కాకపోయినా, ఆ మాట అర్థమేంటో తెలుసుకోవడానికి వారమంతా ఫోన్లు చేసింది. ఆ వారం బోర్డు మీద ఆమెకు దాదాపు సున్నా.

డిసెంబరులో ఆ ప్రోగ్రాం పెట్టి రావడానికి నన్ను భూపాలపల్లి జిల్లా ఘన్‌పూర్‌కు పంపారు. మిర్చి ఇంకా రాలేదు, షెడ్డు ఖాళీగా ఉంది. వైర్లు కలిపి, కంప్యూటర్ పెట్టి, అలవాటు చొప్పున చెప్పులు విడిచి కాంటా ఎక్కాను.

వ్యాపారి నవ్వాడు. "సారూ, నువ్వేమన్న మిర్చి బస్తవా?"

"కారం ఉన్నదో లేదో చూసుకుంటున్న," అన్నాను.

కాంటా మీద అరవై ఎనిమిది కిలోల ఏడు వందల గ్రాములు. పక్కనే కంప్యూటర్‌లో అరవై ఎనిమిది. దిగి మళ్ళీ ఎక్కాను. మళ్ళీ అంతే. ఏడు వందల గ్రాములు ఎటు పోయాయో తెలియదు. చీటీలో ఆ అరవై ఎనిమిదిలోంచి మళ్ళీ మామూలు తరుగు పోతోంది. మిర్చి సీజన్లో ప్రతి బస్తా మీదా ఇట్లాగే పోతే రైతుకు మిగిలేదేమిటి? నాకు ఒళ్ళు మండింది. ముందు ఆ వ్యాపారినే అనుమానించాను. ఆయన మొహంలోకి చూస్తే నిజంగానే బిత్తరపోయి ఉన్నాడు. తిరుగు బస్సులో తమ్ముణ్ణి అనుమానించాను, ఎవరి దగ్గరైనా ఏమైనా తిన్నాడా అని. జనగామలో దిగేసరికి వాణ్ణి నాలుగు తన్నాలన్నంత కోపం ఉంది.

వాడి పక్కన కూర్చుని ప్రోగ్రాం మొత్తం తెరిపించాను. దొరికింది. పైన ఇంగ్లీషులో మిషిని రాసిన వివరణ, నియమం ప్రకారం చుక్క తర్వాత అంకెలు కోసివేయబడును అని. ఆ అంకెలే గ్రాములు. తరుగు అన్న మాటను అది వంటింటి తరుగుడు అనుకుంది. బెండకాయ తరిగినట్టు బరువును తరిగింది. కింద ఇంకెక్కడో అసలు తరుగు కూడా తీసింది. ఇదంతా ఒక్కచోట కాదు, దాని అలవాటు కొద్దీ చాలా చోట్ల చల్లింది.

"నువ్వు చూడలేదా?" అని అడిగాను.

"లేదన్నా," అన్నాడు. దాచలేదు, బెదరలేదు. "చదువుకుంట కూసుంటే లైన్లు ఎప్పుడు పెరగాలె?"

దొంగ ఉంటే పట్టుకోవచ్చు. ఇక్కడ సొమ్ము పోతోంది గానీ దొంగ లేడు. నా అనుమానం అంతా ఎవరి మీద పెట్టుకోను?

బాగు చేస్తానని అక్క ముందుకొచ్చింది. పది రోజులు పట్టింది. చల్లినవన్నీ ఏరి, తరుగు లెక్క ఒక్కచోట, ఒక్కసారి, చిన్నపిల్లలు చదివినా తెలిసేట్టు రాసింది. ప్రోగ్రాం చిక్కి సగమైంది. నేను మళ్ళీ ఘన్‌పూర్ పోయి కాంటా ఎక్కి దిగాను. గ్రాము తేడా లేదు. ఆ శనివారం బోర్డు మీద అక్క పేరు పక్కన మైనస్ గుర్తు పెట్టి నాలుగంకెలు ఎక్కాయి, ఎందుకంటే రాసిన వాటికన్నా తీసేసినవి ఎక్కువ.

సేటు బోర్డు మీద ఆ గుర్తును వేలితో చూపించాడు. "మైనస్ ఏంది? పది రోజులు పని చేసి నాకు నష్టం చేసినట్టేనా?"

నేను ఆగలేకపోయాను. "సేటు, నీళ్ళు చల్లిన పత్తి వస్తే కాంటా మీద ఎంత ఉంటే అంతకు కొంటవా?"

"ఎందుకు కొంట? లోపలికి చెయ్యి పెట్టి చూడనా?"

"గిది గూడ గంతే. ఆమె నీళ్ళు పిండింది."

సేటు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పత్తిలో చెయ్యి పెట్టినవాడు. చప్పున పట్టుకున్నాడు. మరి మీ పనిలో చెయ్యి ఎక్కడ పెట్టి చూడాలని అక్కను అడిగాడు. ఆమె ఒక్క మాటే చెప్పింది. "సీజన్ల ఘన్‌పూర్ నుంచి ఫోన్ రావొద్దు సేటు. గదే లెక్క." ఆయన సరేనన్నాడు. మరీ తొందరగా సరేనన్నాడని నాకు అప్పుడే అనిపించింది.

సోమవారానికి బోర్డు మీద ఇంకో గడి వచ్చింది, తీసేసిన లైన్లు అని. ఆ వారం తమ్ముడు పొద్దున మిషినితో పేజీలకు పేజీలు రాయించి, మధ్యాహ్నం అన్నం తిన్నాక వాటినే తీసేయించాడు. రెండు గడుల్లోనూ వాడే ఫస్టు. నేను అడిగితే కన్ను గీటాడు.

జనవరిలో మిర్చి మొదలైంది. మానుకోట వ్యాపారుల ప్రోగ్రాం తమ్ముడిది. రోజుకో పరేషాన్. చీటీ రాలేదని, బస్తా రెండుసార్లు పడ్డదని ఫోన్లు మీద ఫోన్లు. వాడు హెడ్‌ఫోన్ తీయకుండా గది ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూ మాట్లాడేవాడు. సేటు పైకి వచ్చినప్పుడల్లా వాణ్ణి చూసి జాలిపడేవాడు, "పాపం, తిననీకి గూడ తీరుతలేదు," అని. అక్క మూలన కూర్చుని తన పని తాను చేసుకునేది. ఘన్‌పూర్ నుంచి ఒక్క ఫోన్ రాలేదు. ఆమె మొహంలో చాలా రోజుల తర్వాత నిమ్మళం చూశాను. కూతురికి కొత్త స్కూలు బ్యాగు కొన్నానని చూపించింది కూడా.

ఉగాది పోయిన రెండో రోజు సేటు నన్ను కిందికి పిలిచాడు. అక్కను పనిలోంచి తీసేస్తున్నాడట. ఆమెకు తానే చెబితే బాగుండదట, నన్ను చెప్పమన్నాడు.

"ఎందుకు సేటు? ఆమె అన్నట్టు ఒక్క ఫోన్ వచ్చిందా?"

"గదే నేను అనేది. ఒక్కటన్న వచ్చిందా? గా ప్రోగ్రాం తానంతల తనే నడుస్తున్నది. ఇగ దాని మీద మనిషెందుకు?"

"తానంతల తనే నడుస్తలేదు. ఆమె గట్ల రాసింది కాబట్టి రాలేదు ఫోన్లు."

ఆయన నిజాయితీగానే అడిగాడు, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. "వచ్చిన ఫోన్లయితే లెక్క పెడ్త. రాని ఫోన్లను ఎట్ల లెక్క పెట్టాలె?"

నేను చెప్పనన్నాను. చివరికి ఆయనే చెప్పాడు. అక్క బ్యాగు సర్దుకుని లేచింది. ఆ సాయంత్రం రైలు దాకా తోడు పోయాను. "రెండు తప్పులు ఉంచితే కొలువు ఉంటుండె గద తమ్మి," అంది. నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు.

జూన్‌లో ఆమె హైదరాబాదులో చేరింది. కూతురిని మానుకోటలోనే హాస్టల్‌లో వేసింది. వేసి వచ్చిన రోజు నాకు ఫోన్ చేసింది. గేటు దగ్గర ఆ పిల్ల చెయ్యి వదలకుండా, కొలువు ఎందుకు పోయింది, నువ్వేమన్న తప్పు చేసినవా అమ్మా అని అడిగిందట.

"ఏం చెప్పినవక్కా?"

"తప్పు లేకుంట చేసిన బిడ్డా అని చెప్పిన."