గోడ లేని నీళ్లు

నీళ్లలో మునిగి పరువు పోగొట్టుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. నేను మునగకుండానే పోగొట్టుకున్నాను. నాదొక్కటే పోతే ఇంత బాధ లేదు. మా బావమరిది సన్యాసి ముచ్చట కూడా ముంచేశాను.

మూడేళ్ల కిందట దేవరాపల్లి దగ్గర జలాశయంలో ఈత, ఆపైన గట్టు మీద పరుగు పోటీ పెట్టారు. జంటగానూ చేరవచ్చు: ఒకడు ఈదివచ్చి చేతిపట్టీ అందిస్తే రెండోవాడు పరుగెత్తాలి. సన్యాసి చోడవరంలో ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచిన మనిషి.

"ఊరంతా నడిసేను బావా. ఒక్కసారి గుండెకి నంబరెట్టుకుని పరిగెట్టాలనుంది" అన్నాడు.

మూడు నెలలు గోవాడ రోడ్డు మీద చెరుకు లారీల దుమ్ము మింగుతూ సాధన చేశాడు. నేనా? నాకు సాధన దేనికండీ! చదువూ ఈతా ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాణ్ని. యాభై ఏళ్లు మా చెరుకుతోట బావిలో ఈదినవాణ్ని.

పోటీ రోజున, మెడలో విజిలున్న అమ్మాయి నా దగ్గరకొచ్చింది. "తాతగారూ, పెద్ద నీళ్లలో ఎప్పుడైనా ఈదేరా? ఆ ఎర్రజెండానే సూసుకుంటూ రావాలి."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఈదుతన్నానమ్మా! నాకు జెండాలు సూపిస్తావేటి?"

దూకాను. మీకొక సంగతి చెప్పాలి. బావిలో ఈదేవాడికి తిన్నని దారంటూ ఉండదు. ఎడమపక్క గోడ ఉంచుకుని గుండ్రంగా తిరగడమే. జలాశయానికి గోడ లేదని నాకు తెలుసు. యాభై ఏళ్ల అలవాటున్న నా చేతులకు తెలియదు.

ఎర్రజెండా ఎదురుగా కనిపించింది. కాసేపటికి వీపు వెనక్కి పోయింది. మళ్లీ ఎదురుగా వచ్చింది. ఒళ్లు మండిపోయింది.

"జెండా ఎందుకు కదుపుతన్నారు? ఇదేం పోటీ!"

పక్కనే ఉన్న పడవవాడు నెత్తి కొట్టుకున్నాడు. "జెండా కదల్లేదు తాతా! నువ్వే గానుగెద్దులాగ తిరుగుతన్నావు!"

"నేను తిన్నగానే ఎల్తన్నాను. నీ పడవ అడ్డం తియ్యి!"

అప్పటికి గట్టున అందరూ పరుగందుకున్నారు. పరుగు మొదలయ్యే గీత దగ్గర సన్యాసి ఒక్కడే చెయ్యి చాపుకుని నిలబడ్డాడు.

"బావా! ఏటలగ తిరుగుతన్నావు? సుడిలో పడ్డావేటి?"

నోటినిండా నీళ్లు. కాదని చెప్పడానికి చెయ్యి ఊపాను. గట్టు మీంచి చూసేవాడికి అది మునిగిపోతున్నవాడి చెయ్యే కదండీ! ఈత రాని సన్యాసి గీత దాటి, బూట్లతో సహా నీళ్లలోకి పరుగెత్తుకొచ్చేశాడు.

విజిలు మోగింది. పట్టీ అందకముందే గీత దాటినందుకు మా జంటను తీసేశారు. మూడు నెలలు సాధన చేసిన మనిషి పరుగెత్తింది ఇరవై అడుగులు. అదీ దారి తప్పి, నాకోసం.

పడవలోకి లాగిన నన్ను చూసి, సన్యాసి గుండెలోతు నీళ్లలో నిలబడి తడిసిన నంబరు పిండుకున్నాడు.

"బతికున్నావు గదా. సాల్లే బావా."

తిట్టినా బాగుండేది. ఆ పోటీ మళ్లీ ఎవరూ పెట్టలేదు. పెట్టినా, ఇప్పుడు అతని మోకాలు ఒప్పుకోదు.

కనుక చెరుకుతోట బావి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చుట్టూ గోడ లేని నీళ్లలో ఇక కాలు పెట్టను. ఎవరైనా జెండా చూపిస్తే, నోరు మూసుకుని జెండానే చూస్తాను.