గద్దబండ కోనలో నీళ్లు

యల్లయ్యది రాచర్ల దగ్గర కొండ కింద ఊరు. పదేళ్ల వయసు నుంచి గొర్రెల వెంటే తిరిగాడు. ఇప్పుడు యాభై ఆరు. గద్దబండ కోన గురించి తనకు తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని అతని నమ్మకం. ఏడాదిలో పదకొండు నెలలు అది ఎండిన లోయ. రెండు వైపులా ఎర్రటి బండలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి, మధ్యలో అరికాళ్లు కాలే రాళ్లు. కొండ మీద రెండు రోజులు ఆగకుండా వాన పడితే మాత్రం మూడు చోట్ల నీళ్లు పైనుంచి దూకుతాయి. వారం తిరిగేసరికి తడి కూడా మిగలదు.

ఆ నీళ్లు చూడాలని అతని భార్య మల్లి పెళ్లయిన ఏడాదే అడిగింది. తర్వాత కూడా వాన పడ్డప్పుడల్లా అడిగేది. "ఏముందే ఆడ? నీళ్లు యాడైనా నీళ్లే" అని అతను కర్ర తీసుకుని వెళ్లిపోయేవాడు. ఒకసారి పిల్లలు చిన్నవాళ్లని, ఒకసారి గొర్రెలకు గాలికుంటు రోగమని, ఒకసారి ఊరికే విసుగు పుట్టి. చివరికి మల్లి అడగడం మానేసింది. మానేసిందని కూడా అతను గమనించలేదు.

నిరుడు భాద్రపదంలో ముసురు పట్టింది. మూడో రోజు కాస్త తెరిపి ఇవ్వగానే మార్కాపురం నుంచి స్వర్ణలత అనే టీచరు తన తల్లిని వెంటబెట్టుకుని ఆటోలో దిగింది. కోనకు దారి చూపే మనిషి కావాలంటే ఊళ్లోవాళ్లు యల్లయ్య ఇల్లు చూపించారు. అతను మందను మల్లికి అప్పగించి బయలుదేరాడు.

ఆ రోజు అతనంత మర్యాదస్తుడు లేడు. దారికి అడ్డమొచ్చిన ముళ్లకంపలు కర్రతో పక్కకు లాగాడు. జారే బండ దగ్గర టీచరు తల్లిని చెయ్యి పట్టుకుని దాటించాడు. ఆమె అలిసిపోతే తన తుండుగుడ్డ రాయి మీద పరిచి కూర్చోబెట్టాడు. "నిదానంగా రాండమ్మా. ఈడిదాకా వచ్చి చూడకుండా పోతే ఎట్ల?" అన్నాడు.

నీళ్లు కనపడగానే ముసలామె పసిపిల్లలా చప్పట్లు కొట్టింది. స్వర్ణలత ఫోన్లో వీడియో తీస్తూ, "బాబాయ్, ఇంత అందమైన చోటు ఊరి పక్కనే పెట్టుకున్నారు. పిన్నిని ఎన్నిసార్లు తీసుకొచ్చావు?" అని అడిగింది.

యల్లయ్య నవ్వాడు. "మా ఆడోళ్లకు ఇట్లాంటియి ఏం తెలుస్తాయమ్మా? పొయ్యి, గొర్రెలు, అంతే. రమ్మన్నా రాదు."

అబద్ధమాడుతున్నానని అప్పుడతనికి తోచనే లేదు.

రెండు రోజుల తర్వాత కోడలు మాధవి ఫోన్ పట్టుకుని వసారాలోకి పరుగున వచ్చింది. "అత్తా, ఆ టీచరమ్మ పెట్టిన వీడియోలో మామ పడినాడు, చూద్దువు రా!"

మల్లి కందులు చెరుగుతోంది. చేట పక్కన పెట్టి, మొహమంతా నవ్వుతో వచ్చి కోడలి భుజం మీంచి తొంగి చూసింది. నీళ్లు చూసి "అబ్బ!" అంది. అంతలో ఫోన్లోంచి యల్లయ్య గొంతు వినిపించింది. రమ్మన్నా రాదు. మాధవి గబుక్కున ఫోన్ ఆపేసింది. మల్లి వెళ్లి మళ్లీ చేట అందుకుంది.

యల్లయ్య పక్కనే మంచం మీద ఉన్నాడు. అంతా విన్నాడు. ఆమె తిట్టినా బాగుండేది, తనూ నాలుగు మాటలనేవాడు. అన్నం పెడుతూ "మజ్జిగ పోసేదా?" అని ఎప్పటిలాగే అడిగింది. యల్లయ్య ముక్కూమొహం తెలియని మనిషికి తుండుగుడ్డ పరిచిన తన చేతులను చూసుకుని తలొంచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే, "కోనకు పోదాం రా. ఇంకా నీళ్లుంటాయి" అన్నాడు.

"అయ్యన్నీ నాకేం తెలుస్తాయయ్యా?" అంది మల్లి. ఎగతాళిగా కాదు, మామూలుగా.

కోడలు అక్కడే ఉంది. అయినా అతను ఆగలేదు. "తప్పయింది మల్లీ. నేను అబద్ధం చెప్పినా. నువ్వు ఎన్నిసార్లు అడిగినావో... నేనే తీసకపోలేదు."

ఆ ఇంట్లో అతని నోట ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. మల్లి కొంగు బిగించుకుని లేచింది.

జారే బండ దగ్గర అతను చెయ్యి చాపాడు. మల్లి ఆ చెయ్యి పట్టుకోలేదు. పక్కనున్న పొద తప్పించి, బండ చీలికలో కాలు పెట్టి అవలీలగా పైకెక్కింది. "ఇట్ల సులువు" అంది.

యల్లయ్య నిర్ఘాంతపోయాడు. "నీకెట్ల తెలుసు?"

"మా అమ్మగారి ఊరు కొండకు ఆ పక్కనే గదా. చిన్నప్పుడు మా నాయన నన్ను భుజాన ఎక్కించుకోని తెచ్చేటోడు. మన పెండ్లికి ముందే పోయినాడు. ఒక్కదాన్నే వస్తే ఏడుపొస్తాదని నిన్ను తోడు అడిగినా."

"ఒక్కసారన్నా చెప్పలేదేంది?"

"ఎందుకే అని నువ్వడిగింటే గదా."

అప్పటికే రెండు చోట్ల నీళ్లు ఆగిపోయాయి. మూడోది తాడంత సన్నగా జారుతోంది. మల్లి దాని కింద నిలబడి దోసిలి పట్టింది. మొహం తడుపుకుంది, చాలాసేపు అటే తిరిగి నిలబడింది. దగ్గరికి వెళ్లడానికి యల్లయ్యకు మొహం చెల్లలేదు. మల్లి తండ్రి పేరు తప్ప ఆ మనిషి గురించి తనకు ఒక్క ముక్కా తెలియదని అక్కడే గుర్తొచ్చింది.

ఈ ఏడాది వానలకు మల్లి కోడల్ని తోడు తీసుకుని వెళ్లొచ్చింది. సాయంత్రం ఆమె ఇంటికి రాగానే యల్లయ్య, "నీళ్లు బాగుండాయా?" అని అడిగాడు.

"బాగుండాయి" అంది.

మీ నాయన నిన్ను ఏ రాయి మీద కూర్చోబెట్టేవాడని అడగాలనుకున్నాడు. అడగకుండానే కర్ర తీసుకుని మంద దగ్గరికి వెళ్లిపోయాడు.