పసుపు కింద లేని శాసనం

కొన్నేళ్లుగా ఒక వాక్యం నా గొంతులో అడ్డం పడి ఉంది. అది నేను రాసిందే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. గుళ్లు, దర్గాల గురించి రాసుకోవడానికి నాకు రెండు డైరీలు: ఒకటి 'విన్నవి', ఒకటి 'చూసినవి'. దేవుడున్నాడా లేడా అన్నది చరిత్రకారుడి పని కాదనీ, ఎవరు, ఎప్పటినుంచి, ఏమని నమ్మారో తెలుసుకోవడమే మన పని అనీ విద్యార్థులకు చెప్పేవాణ్ణి. విన్నదాన్ని చూసినదానిలో కలపకూడదని కూడా.

కలిపాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో, కట్టంగూర్ అవతల ఒక ఊరివాళ్లు తమ పోచమ్మ చరిత్ర రాయమన్నారు. పసుపు పేరుకున్న చిన్న రాయి. మాదిగవాడలోని బాలమ్మ ఇంటివాళ్లే తరతరాలుగా దాన్ని కడిగి, పసుపు పూసి, మొదటి దీపం పెట్టేవారు. ఆ రాయి మీద శాసనం ఉందనీ, అందులో తమ పూర్వీకుల పేరుందనీ గుడి కమిటీ పెద్ద చెప్పాడు. నేను పసుపు తీసి చూడలేదు. శాలువా కప్పించుకుని, ఇంటికొచ్చి 'చూసినవి'లో రాశాను: "పసుపు కింద శాసనం ఉంది." ఎందుకు రాశాను? మొహమాటమా? పుస్తకం మీద నా పేరు చూసుకోవాలన్న ఆశా?

పుస్తకం వచ్చాక బాలమ్మ నన్ను ఆ రాయి దగ్గరే నిలదీసింది.

"సారూ, మా అవ్వ కడిగింది, నేను కడుగుతున్న. గీ రాయి మీద ఒక్క గీత గూడ లేదు. నీకెట్ల కనబడ్డది?"

"నీకు చదువు రాదు కదా, బాలమ్మా."

ఆమె నవ్వింది. "కండ్లకు సదువు రాకపాయె. చేతికి గూడ తెల్వదా, సారూ?"

ఆ ఏడే రాయి చుట్టూ గోడ లేచింది. గేటుకు తాళం పడింది, తాళంచెవి కమిటీ పెద్ద దగ్గర. నా వాక్యాన్ని గ్రానైటు పలక మీద చెక్కించారు. బాలమ్మ పోయేదాకా గేటు బయటే దీపం పెట్టింది.

నిన్న ఆ కమిటీ పెద్దే ఫోన్ చేశాడు. "సార్, ఎనుక పీర్లకొట్టం జాగా గూడ గుడిదేనని జర ఇంకో మాట రాయాలె. మీరు రాస్తే ఎవ్వలు కాదనరు. బుధవారం కారు పంపుతం."

మొహర్రంలో పీర్లను నిలిపే చోటు అది. రాయనన్నాను. అతను నవ్వాడు. "మీరు రాసిన పాత మాట పలక మీద ఉన్నది గద సార్, గదే సాలు."

ఇవాళ 'చూసినవి' తెరిచాను. ఆ పేజీ చింపబుద్ధి కాలేదు. కింద ఈనాటి తారీఖు వేసి రాశాను: "నేను చూడలేదు. రాయి మీద ఏమీ లేదని బాలమ్మ చెప్పింది." ఆమె మాట నేను విన్నదే. అయినా ఈ డైరీలోనే రాశాను. చూసింది ఆమె.

పలక అక్కడే ఉంది. గొంతులోది మాత్రం బయటికొచ్చింది.