మా బజారు కుక్కల లెక్క

ఎమర్జెన్సీకి ముందు వేసవి. నేను తిరువూరికి కాపరానికొచ్చిన కొత్త. ఓ పొద్దున ఎ.కొండూరు దారినుంచి పిచ్చికుక్క ఒకటి చొంగ కార్చుకుంటూ మా బజారులో పడింది. మా పాలేరు పిక్క పట్టుకుంది, రెండు వీధికుక్కల్ని కరిచింది. మగాళ్ళు దాన్ని గోడవారకి తరిమి కర్రలతో మోదారు. చచ్చాక కూడా మోదుతూనే ఉన్నారు. పాలేరుని బొడ్డు చుట్టూ సూదులు వేయించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

“ఈ బజారులో ఒక్క కుక్క మిగలకూడదు” అన్నాడు మా మామయ్య. ఆయన మాటకి అక్కడ తిరుగులేదు. మా అత్తయ్య మొహం తెల్లబోయింది. పాలుపోసి పెంచుకున్న ఎర్రకుక్క మా దొడ్లో కట్టేసుంది. దానికి కాటు పడనేలేదు.

ఈలోపు పశువుల డాక్టరుగారు వచ్చారు. అరుగుమీద అత్తయ్యా నేనూ ఆడి వదిలేసిన వామనగుంటల పీట ఉంటే దాని ముందు చతికిలబడ్డారు.

“ఒక్కో గుంటా ఒక్కో బజారు. చింతగింజలు కుక్కలు. ఈ గురివిందగింజ పిచ్చిది. ఇది రెంటిని కరిస్తే, అవి తలా రెంటిని కరుస్తాయి. కాటుపడ్డవాటిని తీసెయ్యండి, ఇక్కడితో ఆగుతుంది.” తర్వాత ఓ గుంట మొత్తం ఊడ్చి దోసిట్లో పోసుకున్నారు. “మీరు అన్నిట్నీ చంపారనుకోండి. గుంట ఖాళీ. తిండుంది, కాపలా లేదు. పక్క గుంటల్లోవి వచ్చి చేరతాయి. వాటిలో పిచ్చిదేదో మీకెలా తెలుస్తుంది?”

నాకు ఇట్టే బోధపడింది. మగాళ్ళు మాత్రం పగలబడి నవ్వారు. “మా ముసల్ది ఖాళీగానే ఉందండీ, మధ్యాహ్నం వచ్చి ఓ ఆటేసుకోండి!” అన్నాడొకడు.

ఇక మొదలెట్టారు. ఉచ్చులు బిగించి ఈడ్చారు, గునపాలతో పొడిచారు. పాలుతాగే కూనల్ని గోతాంలో వేసి బండకేసి కొట్టారు. ఆఖరికి మా దొడ్డికొచ్చారు. అత్తయ్య రోకలి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“దాన్నేదీ కరవలేదు. నేను చూశాను.”

“తప్పుకోవే” అని మామయ్య ఆవిణ్ణి నెట్టాడు. రోకలి ఆయన మణికట్టు మీద పడింది. ఎముక పటుక్కుమనడం నాకూ వినపడింది.

“మొగుడిమీద చెయ్యెత్తుతావా?”

“ఎత్తి ఊరుకోలేదుగా, దించాను” అంది. వెనకున్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు.

తొలకరి పడేసరికి ఎక్కడెక్కడి కుక్కలో మాంసం కొట్టు దగ్గర చేరాయి. వాటిని తరమడానికి మా ఎర్రది ఒక్కటే. అరిచరిచి దాని గొంతు బొంగురుపోయింది. ఓ సాయంత్రం వాటిలో ఒకటి చొంగ కారుస్తూ, తూలుతూ పిల్లలమీదికొచ్చింది. మాది ఎదురెళ్ళి కలబడింది. బురదలో దొర్లి దొర్లి దాని గొంతు కొరికి చంపింది.

అత్తయ్య దాని దగ్గరికి పోబోతే, కబురంది వచ్చిన డాక్టరుగారు ఆపి, తాడేసి కట్టించి చూశారు. చెవికింద కాటు. నెత్తురు ధారగా కారుతోంది.

“మీ లెక్కప్రకారం ఇప్పుడు తీసెయ్యాల్సింది దీన్నేనా?” అంది అత్తయ్య.

“అవునమ్మా. కుక్కకెయ్యడానికి నా దగ్గర మందు లేదు.”

కుడిచేతికి కట్టుతో ఉన్న మామయ్య ఎడంచేత్తో కర్ర అందుకున్నాడు. అత్తయ్య దూరంనుంచే పెరుగన్నం గిన్నె దానిముందుకి తోసింది. అది తల వంచాక ఆయన చేతిలోంచి కర్ర లాక్కుంది.

“ఎడంచేత్తో దెబ్బ సరిగా పడదు. అది బాధపడుద్ది” అంది.

ఆవిడ కొట్టినా ఒక్క దెబ్బకి పోలేదు.