బావ పిడికిట్లో మట్టి

నేను నర్సుని. అనకాపల్లిలో ఒక ఆస్పత్రిలో ఎన్నో ఏళ్లు నైట్ డ్యూటీలు చేశాను. శవాల పక్కన కూర్చుని టీ తాగిన దాన్ని. నా ముందు ఎవరైనా దెయ్యమనే మాట ఎత్తితే బీపీ చూసి ఇంటికి పంపేసేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. కానీ ఆ రోజు చూసింది మాత్రం నా కళ్లతో చూశాను.

మా అక్క సువార్తని పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండే ఆనందరావుకి ఇచ్చారు. వాళ్ల సొంతూరు మా వైపే, బుచ్చయ్యపేట దగ్గర. బావకి అండమాన్‌లో సొంత బోటు ఉండేది. సునామీకి ముందటి ఏడాది, ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, అక్క జ్వరంతో పోయిందని, నిన్ననే సమాధి చేసేశామని చెప్పాడు. నిన్ననే! కన్నతల్లికి కబురైనా చెయ్యకుండా.

శవపెట్టె గోతిలోకి దించాక మా క్రైస్తవుల్లో తలో పిడికెడు మట్టి వేస్తారు. ముందు భర్త, ఆ తర్వాత కన్నవాళ్లు, తోబుట్టువులు. ఆ మట్టి వెయ్యలేకపోయానన్న బాధ మా అమ్మని లోపల్నించి తినేసింది. అన్నం దగ్గర కూర్చున్నా అదే మాట. చివరికి మా గుమ్మం ముందు, అక్క చిన్నప్పుడు ఆడుకున్న చోట మట్టి తవ్వి, పాత చీర ముక్కలో మూట కట్టింది. సునామీ వచ్చి వెళ్లిన కొన్నాళ్లకి ఇద్దరం విశాఖపట్నంలో ఓడెక్కాం.

తీరా అక్కడికి వెళ్లాక బావ అసలు మాట చెప్పాడు. సమాధుల నేల సునామీలో మునిగిపోయిందట. ఇప్పుడక్కడ నీళ్లేనట. ఆ నీళ్లైనా చూపించమంటే మాట దాటేశాడు. అతని కొత్త పెళ్లాం కాఫీ తెచ్చిచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. మా నోరు మూయించడానికి కాబోలు, మర్నాడు పొద్దున్న రాస్ ఐలాండ్ చూపిస్తానని పడవ ఎక్కించాడు.

అది తెల్లదొరలు కట్టుకున్న పాత పట్నం. బేకరీ, డాన్సుల హాలు, చర్చి, అన్నీ మొండిగోడలే మిగిలాయి. చెట్ల వేళ్లు ఆ గోడల్ని పట్టేసి ఉన్నాయి. జింకలు మనుషుల మధ్యే తిరుగుతున్నాయి. అందరూ ఫొటోలు దిగుతున్నారు. అమ్మ ఒక్కటీ చూడలేదు. మూట చంకలో పెట్టుకుని నడిచి నడిచి, దొరల సమాధుల దగ్గర ఆగిపోయింది.

"ఇదీ దేవుడి నేలే గదా. ఇక్కడే ఏసేద్దాం," అంది.

ఎవరో ముక్కూ మొహం తెలియని దొరసాని సమాధి మీద మా అక్కకి మట్టి! తర్వాత మా పాస్టరు గారు ఇది విని తిట్టారు కూడా. అమ్మ మాత్రం మూట విప్పి బావ ముందు పట్టింది.

"ముందు నువ్వెయ్యాల బాబూ. మొగుడివి."

"ఇప్పుడెందుకత్తా ఇయ్యన్నీ?"

"నా కళ్ల ముందు ఎయ్యి."

బావ పిడికెడు తీసుకుని చెయ్యి చాపాడు. మట్టి పడలేదు. వేళ్ల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు కారి, మోచేతి దాకా వచ్చాయి. నేను మూటలో వేలు పెట్టి చూశాను. అందులో మట్టి పొడిగానే ఉంది.

"సెమట," అన్నాడు బావ.

అక్కడ ఉక్క ఎక్కువే, నా జాకెట్టూ తడిసిపోయింది. కాదనను. అమ్మ ఆ నీళ్లు వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. చెమటైనా ఉప్పగానే ఉంటుంది గానీ, చెమటకి నాచు వాసన రాదు. అవి సముద్రపు నీళ్లు.

"జొరమన్నావు గదరా," అంది అమ్మ. అల్లుణ్ణి అంతవరకూ ఎప్పుడూ 'రా' అనలేదు.

బావ పిడికిలి తెరవబోతే తెరుచుకోలేదు. బిగుసుకుపోయిన శవాల వేళ్లు విప్పిన చేతులు నావి. నేను పట్టి లాగినా ఒక్క వేలు కదల్లేదు. ఆ తర్వాత అమ్మా నేనూ మా మట్టి వేశాం. మా చేతుల్లోంచి పొడిపొడిగా రాలింది. తిరుగు పడవలో అతని చెయ్యి కారుతూనే ఉంది. బోటు మీద బతికే మనిషి, దారి పొడుగునా సముద్రం వైపు చూడలేదు.

చాలా నెలల తర్వాత అనకాపల్లి వచ్చాడు. బోటు అమ్మేశాడట. నరాలన్నీ బాగానే ఉన్నాయని డాక్టర్లు చెప్పారట. ఇంకా తెరుచుకోని ఆ చేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. తువ్వాలు తడిగా ఉంది. మా గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని, తన కోసం ప్రార్థన చెయ్యమని అమ్మని బతిమాలాడు.

"నా కూతురు ఎలాగ పోనాదో సెప్పు. సెప్పేక సేత్తాను," అంది అమ్మ.

తువ్వాలు బిగించుకున్నాడు. లేచి వెళ్లిపోయాడు. అంతే, మళ్లీ రాలేదు.

నాకు జాలి వెయ్యలేదు. నర్సుని అయ్యుండి ఇలా రాయకూడదేమో, ఆ తువ్వాలు చూసి నా కడుపు చల్లబడింది. అది నరం పట్టెయ్యడమో, లోపలి భయమో, మా అక్కో, నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

అమ్మ రోజూ పడుకునే ముందు అందరికీ పేరు పేరునా ప్రార్థన చేస్తుంది. శత్రువుల కోసం కూడా చెయ్యాలని ఆవిడకి తెలుసు. అందుకే చివర్లో కాసేపు ఆగుతుంది. బావ పేరు అంటుందేమోనని నేను కళ్లు మూసుకునే వింటుంటాను. ఆమెన్ అనేసి దీపం ఆర్పేస్తుంది.