మూటలు విప్పిన కంపెనీ

ఆ రోజుల్లో కాగితం బెడద లేని లోకాన్ని తెస్తానని నరసరావుపేటలో బయల్దేరిన మహానుభావుడు మా బావ ఒక్కడే. ఆయన వెనక నడిచిన సైన్యమంతా నేనే. ఎరువుల కొట్టు పైన ఒక గది, ఒక కంప్యూటరు, ప్రతి కాగితానికీ పురిటి నొప్పులు పడే స్కానరు, ఇదీ మా కంపెనీ. కాగితాలు స్కాన్ చేసి దాచుకుంటే, పేరు టైపు చెయ్యగానే కావలసింది తెర మీదికొచ్చే సాఫ్ట్‌వేర్ బావ రాశాడు. (బోర్డు కూడా పెట్టించాడు. యూరియా కోసం వచ్చిన రైతులు అది చదివి, మెట్లెక్కి రేషన్ కార్డులు అడిగేవాళ్లు.) నా హోదా చీఫ్ ఇండెక్సింగ్ ఆఫీసర్. చీపురు కూడా నా డిపార్టుమెంటే.

మాకు మొట్టమొదట చిక్కిన కస్టమరు ఒక ప్లీడరు గారు. ఆయనింట్లో ఒక గదినిండా, నేల నుంచి దూలాల దాకా కేసుల మూటలే. ఏ మూట మీదా పేరు లేదు, నంబరు లేదు. ఎవరి కాగితాలు వాళ్లు తెచ్చిన గుడ్డలోనే కట్టి ఉంచడం అక్కడి పద్ధతి. ఒకటి పాత లుంగీ, ఒకటి పిల్ల గౌను, ఇంకోటి దిండుగలీబు. గుమస్తా బాబాయికి గుడ్డ చూస్తే చాలు, కక్షిదారు ఎవరో, వాయిదా ఎప్పుడో, ఎదుటివాడు ఎంత మొండివాడో అన్నీ గుర్తొచ్చేవి. ఆ రహస్యం ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. మేం స్కానరు మోసుకెళ్లిన వారమే ఆయన మాచర్లలో పెళ్లికని వెళ్లాడు.

ఆయన లేని మూడు రోజులూ నేను తుపానులా పనిచేశాను. మూటలన్నీ విప్పేశాను. గుడ్డల్లో మూడు తరాల దుమ్ము ఉందని డాబా మీద సర్ఫులో నానబెట్టి, ఉతికి ఆరేశాను. కాగితాలన్నీ కలిపి, సైజుల వారీగా, గోడ కట్టినట్టు పేర్చాను. స్కాన్ చేస్తూ ప్రతిదాని మీదా మొదట కంటబడ్డ పేరు టైపు చేశాను. (దస్తావేజుల మీద మొదట కంటబడేది స్టాంపులమ్మినాయన పేరని తర్వాత తెలిసింది. మా సాఫ్ట్‌వేర్ ప్రకారం పల్నాడులో సగం పొలం ఆయనదే.)

నాలుగో రోజు పొద్దున్నే నూజెండ్ల నుంచి ఒక పెద్దమ్మ బస్సు దిగి వచ్చింది. బావి పక్క చేను తనదేనని మరిది దావా వేశాడు. ఆ రోజు పదకొండింటికి కోర్టులో అసలు దస్తావేజు చూపించాలి. ఆమెకున్నది ఆ ఒక్క చేనే.

"అబ్బాయ్, నా మూటేది?"

"మూటలు పోయినయ్ పెద్దమ్మా, ఇప్పుడంతా కంప్యూటరే. పేరు చెప్పు."

చెప్పింది. కొట్టాను. లేదు. వాళ్లాయన పేరు కొట్టాను. అదీ లేదు. ప్లీడరు గారు నల్లకోటు ఒక చేతికే తొడుక్కుని అట్లాగే నిలబడిపోయారు.

"ఏందయ్యా ఇది? నా చేను ఈ డబ్బా మింగిందా?" అంది పెద్దమ్మ.

సరిగ్గా అప్పుడే పెళ్లి లడ్డూల సంచితో గుమస్తా బాబాయ్ దిగాడు. గది చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఒరేయ్, గుడ్డలేయిరా?"

"ఉతికాను బాబాయ్."

"ఉతికావా! నువ్వుతికింది గుడ్డలు కాదురా, నా బుర్ర!" అని తల పట్టుకుని, పెద్దమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నీది నీలం తలపాగా గదా?"

"అవునయ్యా, మా ఆయనది. చానా రంగు దిగేది. అది చుట్టిన రోజున ఆయన నుదురు కూడా నీలమే."

బాబాయ్ లేచి నిలబడ్డాడు. "అయితే అంచులు చూడండిరా! ఇన్నేళ్లు అందులో ఉన్న కాగితానికి రంగు అంటకుండా ఉంటదా?"

ప్లీడరు గారితో సహా అందరం మోకాళ్ల మీద పడి నా గోడను అంచుల వెంట వెతికాం. లుంగీ ఎరుపు, పసుపు మరకలు, మిరప్పొడి ఘాటు (నా తుమ్ములు వినుకొండ కొండకి తగిలి తిరిగొచ్చాయి). పదిన్నర దాటాక, ఏడో దొంతరలో సన్నటి నీలం గీత కనబడింది. లాగితే, పెద్దమ్మ దస్తావేజు! బావ ఆమెను స్కూటరెక్కించి కోర్టు దాకా హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

సాయంత్రం పెద్దమ్మ తిరిగొచ్చింది. "చూపించామయ్యా. మా మరిది నోరెత్తితే ఒట్టు" అని, మళ్లీ కట్టుకోవడానికి తలపాగా అడిగింది. ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి, బహుమతి అందిస్తున్నట్టు రెండు చేతులా ఇచ్చాను. ఆమె దాన్ని మొహానికి ఆనించుకుని వాసన చూసింది.

"శుభ్రంగా ఉతికావు నాయనా" అంది. "ఆయన చుట్ట వాసన ఉండేది. ఇక లేదులే." కోపం లేదు. దస్తావేజు అందులో మూట కట్టుకుని బస్సుకి వెళ్లిపోయింది.

ఆ వారమే బావ సాఫ్ట్‌వేర్‌లో పేరు పక్కనే, మూట కట్టిన గుడ్డ ఫొటోకి ఒక గడి పెట్టాడు. ఆ గడిని చూసే చుట్టుపక్కల ప్లీడర్లంతా మా దగ్గరికొచ్చారు, కంపెనీ నిలబడింది. ఇప్పుడు మాకు అద్దాల ఆఫీసుంది, నా గదికి ఏసీ ఉంది. కొత్తగా చేరిన పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం, ఎవరి మూటైనా వాళ్లనడిగి విప్పమని. ఎందుకని వాళ్లడిగితే, సర్ఫు నురగలో మోచేతుల దాకా మునిగి, లోకాన్ని బాగుచేస్తున్నాననుకుని ఈల వేసుకుంటున్న ఆ చీఫ్ ఆఫీసరు కళ్ల ముందు మెదులుతాడు. వాణ్ణి చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. వెంటనే, వాడి చేతిలోంచి ఆ నీలం గుడ్డ లాక్కోవాలనీ అనిపిస్తుంది.