బసవరాజ్ గారి పద్నాలుగు అలుపులు

కొందరికి దుమ్ము పడదు, కొందరికి వంకాయ పడదు. మా కెప్టెన్ బసవరాజ్‌కు అలుపు వచ్చేది. అదీ విమానం బయల్దేరడానికి సరిగ్గా గంట ముందు. పదకొండు నెలల్లో ఆయనకు పద్నాలుగు సార్లు వచ్చింది. కంపెనీలోని మిగతా నలభై మంది పైలట్లకు, అందరికీ కలిపి, మూడు సార్లే వచ్చింది.

మాది తుంగా ఎయిర్ అనే చిన్న కంపెనీ. డెబ్బై సీట్ల విమానాలు ఐదు. బెంగళూరు నుంచి ఓర్వకల్లు, ఓర్వకల్లు నుంచి కడప, కడప నుంచి చెన్నై, మళ్లీ అదే దారిన వెనక్కి. పల్లె బస్సులు తిరిగినట్టు తిరుగుతుంటాయి. ఓర్వకల్లులో కంపెనీ తరఫున స్టేషన్ మేనేజర్‌ని నేను. విమానం సమయానికి వస్తే జనం పైలట్‌ను మెచ్చుకుంటారు. రాకపోతే నన్ను తిడతారు. నా ఉద్యోగమంటే ఇంతే.

అలిసిపోయిన పైలట్ విమానం నడపకూడదు. అది రూలు. అందుకోసం ఒక ఫారం ఉంది. ఇంగ్లీషులో దానికి రెండు వరుసల పేరు, మేమంతా అలుపు ఫారం అంటాం. దాని మీద సంతకం పెట్టిన పైలట్‌ను ఎక్కమని ఎవరూ బలవంతం చేయడానికి లేదు. కానీ కంపెనీ దృష్టిలో ఆ ఫారం గోడకు తగిలించిన మంటలార్పే సిలిండర్ లాంటిది. ఉండాలి, ఎవరూ ముట్టుకోకూడదు.

బసవరాజ్ ముట్టుకునేవాడు. ఆయనది కోసిగి దగ్గర పల్లె. యాభై మూడేళ్లు, ఆరడుగుల మనిషి. కాక్‌పిట్‌లోకి ఒక భుజం తర్వాత ఒక భుజం పంపించి లోపలికి వెళ్లేవాడు. పొద్దున ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు ఆరు, గురెళ్ల కారంతో నా ఆఫీసులోనే కూర్చుని తినేవాడు. తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, మొదలుపెట్టేవాడు.

"ఏమప్పా నరసింహా, ఫారం యాడుండాది?"

"ఏ ఫారం సార్?"

"అదేప్పా. శానా అలుపుగా ఉండాది."

"ఇప్పుడే గదా సార్ ఆరు రొట్టెలు తిన్న్యారు."

"తిన్న్యా. అందుకే సంతకం పెట్టేంత సత్తువన్నా ఉండాది."

ఒకసారి మే నెల మిట్టమధ్యాహ్నం సామాన్ల ట్రాలీని లాగే ట్రాక్టర్ ఆగిపోయింది. ముప్పై రెండు పెట్టెలు, వాటి మీద బనగానపల్లె మామిడిపండ్ల బుట్టలు రెండు. ఇద్దరు కూలీలు నెడుతుంటే ట్రాలీ కదలడం లేదు. విమానం నీడలో నిలబడ్డ బసవరాజ్ చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చి, "జరగండప్పా" అని ఒక్కడే దాన్ని విమానం దాకా నెట్టుకుపోయాడు. తిరిగొచ్చి చేతులు దులుపుకుని, ఫారం అడిగాడు.

"సార్, అలిసిన మనిషి ఆ బండిని నెట్టగలడా?"

"నెట్టినాక అలిసినా."

"మరి నెట్టకపోతే పాయె గదా."

"పండ్లు మగ్గిపోతాండాయప్పా, ఎట్ల చూస్తా ఉండేది?"

ఆ రోజు ఆయన పక్క సీట్లో కో-పైలట్ సుప్రజ. రాజంపేట అమ్మాయి, చేరి ఆరు నెలలు. మెట్ల కడ్డీ పట్టుకుని, నేల చూస్తూ నిలబడింది. కెప్టెన్‌ను చూసి సిగ్గుపడుతోందనుకున్నాను. నాకైతే సిగ్గే వేసింది.

లోపల కడపకు పోవాల్సిన ముగ్గురాళ్ల వ్యాపారి ఒకాయన నా బల్ల గుద్దుతున్నాడు. మంగంపేట గనుల నుంచి ఆయన లారీలు నడుస్తాయట. "అలుపంట, అలుపు. మా లారీ డ్రైవరు మూడు దినాలు కన్ను మూయకుండా తోల్తాడు తెల్సా?"

వెనక నుంచి బసవరాజ్ నెమ్మదిగా అడిగాడు. "ఆ లారీ నంబరెంతన్నా?"

"ఎందుకు?"

"ఆ రోడ్డున పోయేటప్పుడు పక్కకు నిలబడుకుంటా."

ఇంకోసారి, అలుపు ఫారం రాసిన సాయంత్రమే, సంతకం ఒకటి తక్కువైతే మా పైలట్లు దిగే హోటల్‌కు వెళ్లాను. అలిసిన కెప్టెన్ పెరట్లో వాచ్‌మన్‌తో షటిల్ ఆడుతున్నాడు. చెమట కారుతోంది. గెలుస్తున్నాడు కూడా.

"సార్, మీకు విశ్రాంతి గదా."

"అదే తీసుకుంటాండా."

"ఇట్లనా?"

"అలుపు ఒగొగరికి ఒగొగ రకంగా పోతాదప్పా." అని కాక్ కొట్టాడు.

బెంగళూరు ఆఫీసులో ఎవరు ఏ విమానం నడపాలో జాబితా వేసే గాబ్రియేలు రోజూ పొద్దున నాకు ఫోన్ చేసేవాడు. "ఏం నరసింహా, ఆయప్ప లేచినాడా, అలిసినాడా?" ఆఫీసులో ఆయన పేరు అలుపురాజ్ అయింది. ఆ పేరు నేనే పెట్టానని ఇప్పుడు ఒప్పుకోవడానికి అభ్యంతరం లేదు.

పద్నాలుగో ఫారంతో కంపెనీ సహనం అయిపోయింది. బసవరాజ్‌ను డాక్టర్ దగ్గరికి పంపించారు. అన్ని పరీక్షలూ చేసి, ఈ మనిషికి ఏ రోగమూ లేదని డాక్టరు రాసిచ్చాడు. అంటే ఫారాలన్నీ అబద్ధమని కంపెనీ తేల్చుకుంది. అబద్ధపు ఫారం రాస్తే ఉద్యోగం పోతుంది. విచారణకు ఆపరేషన్స్ అధికారి భూపేష్ స్వయంగా ఓర్వకల్లు వస్తున్నాడని, పద్నాలుగు రోజులకూ పట్టిక తయారు చేయమని నాకు మెయిల్ వచ్చింది.

సంతోషంగానే కూర్చున్నాను. తేదీ, విమానం, వాతావరణం, ఆలస్యం. నాకు ఏ పట్టికైనా నిండుగా ఉంటేనే తృప్తి. అందుకని అడక్కపోయినా, పక్క సీట్లో ఎవరున్నారో కూడా ఒక గడి వేశాను. నింపుతూ నింపుతూ ఏడో వరుస దగ్గర చెయ్యి ఆగింది.

పద్నాలుగు రోజులూ పక్కన ఉన్నది కొత్త పిల్లలే. మొదటి ఏడాది ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు. ప్రతి ఒక్కరూ అంతకు ముందు నాలుగైదు రోజులు వరసగా తెల్లవారుజాము డ్యూటీ చేసినవాళ్లు. పాత కో-పైలట్లతో బసవరాజ్ రోజుకు ఆరు విమానాలు నడిపాడు, ఒక్కసారి కూడా అలవలేదు.

ప్రొబేషన్‌లో ఉన్న పిల్లలు అలుపు ఫారం రాస్తే ఉద్యోగం ఖాయం చేసేటప్పుడు కంపెనీవాళ్లు 'చూద్దాం' అనేవాళ్లు. అది ఏ కాగితంలోనూ లేదు. తెలియనివాళ్లూ లేరు.

మర్నాడు పొద్దున ఆయన రొట్టెలు తింటుంటే పట్టిక ముందు పెట్టాను. చూసి, నములుతూనే అన్నాడు.

"ఈ కడాకరి గడి ఎవురు రాయమనిరి?"

"ఎవరూ అడగలేదు."

"అయితే కొట్టెయ్."

"సార్, ఈ గడి చూపిస్తే మీ ఉద్యోగం నిలుస్తాది."

"ఆ పిల్లోళ్లది పోతాది. అలిసి గూడా చెప్పల్యా అంటారు. ఎద్దు నోరు తెరిసి చెప్తాదా అప్పా, నాకు అలుపని? చెవులు వాలుస్తాది. తోలేటోడు చూసుకోవల్ల."

"వాళ్లేం ఎద్దులా సార్?"

"ఎద్దులైనా బాగుండు. మా తట్టు సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టరు, బసవన్న వారమని. ఈ పిల్లోళ్లకు అదీ ల్యా."

గడి కొట్టేశాను. పట్టిక బోడిగా కనిపించింది.

భూపేష్ పదకొండు గంటలకు వచ్చాడు. కడప జిల్లాలో భూములున్న కుటుంబం, బెంగళూరులో పెరిగాడు. నలభై లోపే. చెడ్డవాడు కాదు. ఐదు విమానాలతో ఎనిమిది విమానాల పని చేయించాలని పైవాళ్లు ఆయన మెడ మీద కూర్చున్నారు. విచారణ నా ఆఫీసులోనే. ఒంటిగంట విమానం బసవరాజ్, సుప్రజ నడపాలి. అదే విమానంలో భూపేష్ బెంగళూరు తిరిగిపోవాలి.

"కెప్టెన్, డాక్టరు రిపోర్టు చూసినాను. మీ గుండె ముప్పై ఏళ్లవాడి గుండె మాదిరి ఉందంట."

"ఆయప్పది ఆయప్పకు ఇచ్చేద్దామా?"

భూపేష్ నవ్వలేదు. "పద్నాలుగు సార్లు మీరు నిజంగా అలిసిపోయినారా?"

"సంతకం నాదే గదా."

"అది జవాబు కాదు. నాకు సరైన కారణం చెప్పకపోతే ఈరోజే మీ ఉద్యోగం తీసేయాల్సి వస్తుంది. నాకు ఇష్టమై కాదు."

బసవరాజ్ కిటికీలోంచి రన్‌వే చూస్తూ కూర్చున్నాడు. నేను బోడి పట్టిక చూస్తూ కూర్చున్నాను. విమానం వేళయిందని చెప్పడానికి వచ్చిన సుప్రజ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

"సార్" అంది భూపేష్‌తో. "ఆ పద్నాలుగింట్లో నాలుగు నావి."

"ఏంది నీవి?"

"అలుపులు సార్. మిగతావి మా బ్యాచ్ వాళ్లవి. కెప్టెన్ గారు మా మొగాలు చూసి ఆయన పేరు రాసుకున్న్యారు."

"ఊరుకోమ్మా" అన్నాడు బసవరాజ్. "ఆ పాపకు ఏం తెలీదప్పా."

"ఈ రోజు అయిదోది సార్. అయిదు రోజులుగా మూడున్నరకు లేస్తాండా. ఇందాక విమానం చుట్టూ తిరిగి చూసొచ్చినా, ఏం చూసినానో గుర్తు ల్యా." చెయ్యి చాపింది. "నరసింహ సార్, ఫారం ఇవ్వండి. ఇది నేనే రాసుకుంటా."

నేను భూపేష్ వైపు చూశాను. భూపేష్ బసవరాజ్ వైపు చూశాడు.

"మీరు అబద్ధం రాసినారన్నమాట."

"అబద్ధమేం కాదు. జత అలిసింది. కాడి కింద ఒగ ఎద్దు అలిస్తే రెండిట్నీ ఇప్పుతారు. ఏది అలిసిందని పేరు పెట్టి అడిగే రైతును నేను సూడల్యా. మీ ఫారంలో ఒగే పేరుకు చోటుండాది, అందుకని నాది రాసినా."

"మా జేజినాయన కూడా జతే ఇప్పేవాడు" అన్నాడు భూపేష్, ఏదో తప్పు ఒప్పుకున్నట్టు. "కానీ ఆయనకు టైం టేబుల్ లేదు కెప్టెన్."

"ఎందుకు ల్యా? మన సీమలో వాన పడితే పదును మూడు దినాలు. ఆ లోపల విత్తనం పడకపోతే ఆ ఏడు పాయె. నీ టైం టేబుల్ రేపు గూడా వస్తాది. పదును వస్తాదా? అయినా ఇప్పేవాడు మీ జేజినాయన."

భూపేష్ నా పట్టికను దగ్గరికి లాక్కుని పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత నన్ను అడిగాడు. "పక్క సీట్లో ఎవరున్నారో రాయలేదేం?"

"రాసి కొట్టేసినా సార్."

"మళ్లీ రాయి."

"రాస్తే ఈ పిల్లల మీదికి రాదు గదా సార్?"

"రానియ్యను."

అలమరలోంచి ఫారం తీసి సుప్రజకు ఇచ్చాను. ఆమె నిలబడే రాసింది. బసవరాజ్ తన జేబులో పెన్నుందో లేదో తడుముకుని, ఈసారి ఆ పని తనది కాదని గుర్తొచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకున్నాడు. ఒంటిగంట విమానం రద్దయింది. భూపేష్ కారులో, ఎండలో, బెంగళూరు దాకా రోడ్డు మీద పోయాడు. పోయేముందు డ్రైవర్‌ను పక్కకు పిలిచి రాత్రి నిద్రపోయావా అని అడిగాడు.

మూడు వారాలకు సర్క్యులర్ వచ్చింది. ప్రొబేషన్‌లో రాసిన అలుపు ఫారం ఎవరి ఉద్యోగానికీ అడ్డు కాదు. వరసగా మూడు తెల్లవారుజాముల తర్వాత నాలుగో రోజు విశ్రాంతి. ఫారం కూడా మారింది. ఇద్దరి పేర్లూ రాసి, కింద ఒకే వాక్యం: 'ఈ జత ఈ రోజు నడపదు.' ఎవరు అలిశారన్న ప్రశ్న లేదు. బసవరాజ్‌కు ఒక హెచ్చరిక లేఖ కూడా వచ్చింది. ఆయన దాన్ని మడిచి రొట్టెల డబ్బా కింద వేసుకున్నాడు, నా బల్లకు నూనె అంటకుండా.

శ్రావణంలో ఆయన తమ్ముడి కూతురి పెళ్లయింది. కోసిగిలో మూడు రోజులు వంటశాల దగ్గర నిలబడి, నాలుగో రోజు నేరుగా డ్యూటీకి వచ్చాడు. రొట్టెలు తినలేదు. కుర్చీలో కూలబడి, "నరసింహా, అలుపుగా ఉండాదప్పా" అన్నాడు.

గాబ్రియేలుకు ఫోన్ చేశాను. "కెప్టెన్‌కు అలుపు."

"అది తెల్సులే. ఎవరికి?"

"కెప్టెన్‌కే."

"అబ్బా, పక్కన ఎవరు?"

"సుప్రజ."

"అయ్యో పాపం. ఆ పిల్లను పండుకోమను. హోటల్ కారు పంపిస్తాండా."

"నేను తొమ్మిది గంటలు నిద్రపోయినా" అంది సుప్రజ. ఎవరూ నమ్మలేదు. కారు డ్రైవర్ వచ్చి ఆమె సంచీ అందుకుని తలుపు తీసి పట్టుకున్నాడు. క్యాంటీన్ నుంచి ఆమెకు వేడి పాలు వచ్చాయి.

"అప్పా, అలుపు నాకప్పా" అన్నాడు బసవరాజ్ కళ్లు మూసుకునే.

"మీరు ఎప్పుడూ అదే అంటారు సార్" అన్నాడు డ్రైవర్, గౌరవంగా.

ఆయన అప్పటికే నిద్రపోయాడు. ఇన్నేళ్లలో ఆయన ఆవలించడం కూడా చూడనివాణ్ని, గురక విన్నాను. టర్మినల్ చివరిదాకా వినిపించింది. విమానం ఎందుకు కదల్లేదని అడగడానికి వచ్చిన ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన గుమ్మంలో ఆగాడు.

"ఆ గురక ఎవురిది?"

"మీ పైలట్‌ది."

ఆయన తల పక్కకు వంచి కాసేపు విన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"రేపు పొద్దున విమానం ఎన్ని గంటలకుండాది?"